పిల్ల కుర్చీ

తమ్ముడూ,

ఫోటో స్టూడియో పెట్టి ఇన్నేళ్లయినా మనిషిని ఫ్రేములో నట్టనడుమ మేకు కొట్టినట్టు నిలబెట్టడమే నీకు తెలుసు. నేనిచ్చిన ఫోటోగ్రఫీ పుస్తకాల్లో బొమ్మలు మాత్రం చూసి తిరిగిచ్చావు. నేను తీసిన ఫోటోను పెద్దది చేసి పంపమంటే, కత్తిరించి పంపుతావా? ఫ్రేమును నిలువుగా మూడు భాగాలనుకుని, మీ వదినను ఎడమ భాగంలో కూర్చోబెట్టాను. మిగతా రెండు భాగాల్లో ఆమె చూస్తున్న ఖాళీ కుర్చీ ఉంది. “ఆ ఖాళీ అంతా దండగ అన్నయ్యా, వదిన మొహం కనబడాలిగా” అని ఫోనులో గొప్పలొకటి! అది పోయిన మా అమ్మాయి కుర్చీ అని నీకు తెలియదా? మీ వదిన నీ ఘనకార్యాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “పిల్ల కుర్చీ ఏదండీ?” అంది.

మొత్తం ఫోటో మళ్లీ వేసి పంపు. ఖాళీగా ఉంది కదా అని అక్కడ నీ స్టూడియో పేరు వేశావంటే ఊరుకోను.

మీ అన్నయ్య