గుమ్మటానికి కొట్టిన మేకు

చిత్తూరు,
సోమవారం.

అక్కకు, తమ్ముడు మునిరత్నం దండాలు పెట్టి రాసేది. నాకు ఒంట్లో బాగానే ఉంది. సత్యవేడులో నువ్వు, బావ, పిల్లలు, నాయన కులాసాగా ఉండాలని రోజూ అనుకుంటున్నాను.

ముందొక మాట. ఈ శుక్రవారం పెరట్లో గోబర్ గ్యాస్ తొట్టి దగ్గర దీపం పెట్టొద్దు. ఎందుకో చెబుతాను, భయపడొద్దు.

ఇక్కడికి ట్రైనింగుకొచ్చి ఐదు వారాలైంది. మెస్సులో మూడు పూటలా అన్నమే, సంగటి ముద్ద కోసం నాలుక పీకుతోంది. ఎండకు రేకుల షెడ్డులో కూర్చోలేము. ఈ తొట్లు కట్టే మేస్త్రీలకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. అది లేనివాడు కట్టిన తొట్టికి ఇకమీదట సర్కారు సాయం రాదట. సాయం రాకపోతే నన్నెవరు పిలుస్తారు?

మొన్న శనివారం నా పరీక్ష. దానికోసం రెండు వారాల ముందే తొట్టి మీద గుమ్మటం కట్టాను, నున్నగా వచ్చింది. దిష్టికి ఏమీ కట్టకుండా పని వదిలిపెట్టడం మన ఇంట్లో లేదు కదా. పచ్చి సిమెంటులో మేకు దిగ్గొట్టి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాను. సిమెంటు ఆరినాక, శనివారం ఆఫీసరు తొట్టిలో నీళ్లు నింపించి, గాలి ఎక్కడన్నా కారుతుందేమోనని గుమ్మటానికి సబ్బునీళ్లు పూయించినాడు. మేకు మొదట్లో బుడగలు లేచాయి.

"గ్యాసు నిలవాల్సిన దానికి మేకు కొడితివేందప్పా? ఎవురు నేర్పినారు నీకీ పని?" అన్నాడు.

"ఎవురూ లేదు సార్. సూసి నేర్సుకున్నా" అన్నాను.

నాయన పేరు ఆ బుడగల పక్కన చెప్పడానికి నోరు రాలేదక్కా. మీ పెరట్లో తొట్టికీ అలాంటి మేకే ఉంది. నాయన పట్టుకున్నాడు, నేను కొట్టాను. దాని పక్కనే నీ దీపం. అది తలచుకుని ఈ పొద్దున మళ్లీ ఆఫీసరు దగ్గరికి పోయి అంతా చెప్పేశాను, నాయన సంగతి తప్ప.

ఆయన మీ ఊరి పేరు రాసుకున్నాడు. తర్వాత, "ఆ తొట్టే నీకు పరీక్ష. ఆదివారం నేనూ వస్తా. నా ముందర బాగుచేయి. కారకుంటే సర్టిఫికెట్ రాసిస్తా, కారితే లేదు" అన్నాడు.

అందాకా పేడ వేయొద్దు. కట్టెల పొయ్యి మీదే వండుకో. బావను చుట్ట కాలుస్తూ అటు పోవద్దను, ఆయన వినడు, నువ్వే కాపలా ఉండు. మేకు ఎవరూ పీకొద్దు.

ఈ ఉత్తరం నాయనకు చదివి వినిపించు. "ఎవురూ లేదు" అన్న చోట దాటేయొద్దు, అది కూడా చదువు. కోపం వస్తే రానీ. ఆదివారం తన పాత తాపీ కడిగి పెట్టుకోమను. మేకు నేను పీకుతాను, ఆ రంధ్రం మాత్రం నేను మూయను, నాయనే మూయాలి. ఆయన మూస్తుంటే, "నాకు పని నేర్పింది ఈయనే సార్" అని ఆఫీసరుకు చెబుతాను.

పిల్లలకు ముద్దులు, బావకు నమస్కారాలు. నాయన కాళ్లకు నా బదులు నువ్వు దండం పెట్టు.

నీ తమ్ముడు,
మునిరత్నం