మట్టిని కడుగుతున్న అన్నకు

అన్న మునిరాజుకు తమ్ముడు చలపతి దండం పెట్టి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, వదినా, పిల్లలూ, అమ్మా బాగున్నారని తలుస్తాను. పెద్దవాడివి కాబట్టి దండం పెట్టాను. అది అయిపోయింది, ఇక నా కోపం విను. ఫోన్ చేస్తే పోయిన శుక్రవారం పెట్టేసినట్టు మధ్యలో పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వు చదవకపోతే అమ్మకు చదివి వినిపించమని వదినకు చెప్పి ఉంచాను.

ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. పొద్దున మొక్కలకు గోనెపట్టాలు కట్టేసరికే చొక్కా పిండుకోవచ్చు. గదిలో ఆరుగురం ఉంటాం. తిండికి కొదవ లేదు, నేను బాగానే తింటున్నానని అమ్మతో చెప్పు. రాగి ముద్ద ఒక్కటే దొరకదు. ఊరి నుంచి ఎవరైనా వచ్చేటప్పుడు పిండి పంపమని అడిగేవాణ్ణి కదా, ఈసారి అడగను. నువ్వు పంపినా అది మన చేనిది కాదు, అంగడి పిండే అవుతుంది.

"నీకేమప్పా, ఆడ చెట్లకు నీళ్లు పోసుకుంటా హాయిగా ఉండావు" అన్నావు ఫోన్లో. ఆ హాయి ఏమిటో చెబుతాను. ఈ గల్ఫ్ దేశంలో కాలు పెట్టిన చోటల్లా ఇసుకే. ఒక వేపమొక్క నాటాలంటే ఉప్పు లేని మట్టిని ఎక్కడి నుంచో లారీల్లో తెస్తారు. దాన్ని తీపి మట్టి అంటారు. గుంత తీసి, ఆ మట్టిలో పేడ ఎరువు కలిపి, తట్టలతో మోసి నింపుతాం. ఒక్క తట్ట కింద ఒలికితే మేస్త్రీ తిడతాడు. మాతో పని చేసే రాజంపేట సుబ్బన్న ఈ ఊరు ఇంత పెరగకముందే వచ్చినవాడు. విమానాశ్రయం దారిలో వేపచెట్లన్నీ ఆయన పెట్టినవే. ఉప్పుకు మాడిపోతే పీకి మళ్లీ పెట్టాడు, మళ్లీ మాడితే మళ్లీ పెట్టాడు. ఈ ఊరు కట్టింది వీళ్లేనని, మేడలు కట్టించినవాళ్ల పటాలు పెద్దపెద్దవి పెడతారు. సుబ్బన్న పటం ఎక్కడా లేదు. నీడకు మాత్రం అందరూ ఆయన చెట్ల కిందికే వస్తారు.

నువ్వు ఫోన్ పెట్టేసిన సాయంత్రం ఆయనకు సంగతి చెప్పాను. "మా అన్న చేని మట్టి తవ్వి, నీళ్లు పెట్టి కడిగి, ఇసక తీసి, మేడలు కట్టేదానికి బెంగుళూరికి తోలుతుండాడన్నా."

"మట్టిని కడిగి ఇసక చేస్తుండాడా?"

"ఔ."

"మనం ఈడ ఇసకను మట్టి చేసేదానికి చస్తుండాము కదరా!" అని పెద్దగా నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. తర్వాత టీ తెచ్చి ఇచ్చాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ మట్టి ఎట్లా వచ్చిందో నీకు తెలియదా? కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్స్ కూలీల లైను ఇంట్లో ఉన్నప్పుడు, గాలి వీస్తే బంగారం తీసేసిన బండపొడి పోసిన సైనైడు గుట్ట దుమ్ము మన అన్నంలో పడేది. బతుకంతా భూమి కిందికి దిగిన నాయన, రిటైరయ్యాక ఈ రాళ్ల చేను కొని, "ఇంగ మిగిలిన నాలుగు దినాలూ మట్టి మింద ఉంటానప్పా" అన్నాడు. ఎండాకాలం వస్తే చాలు, చెరువు మట్టి ఆ చేనికి తోలడమే పని. బండి నువ్వు తోలావు, తట్టలు నేను ఎత్తాను. ఇప్పుడు నువ్వు అదే మట్టిని కడిగి మన చేలో ఇంకో సైనైడు గుట్ట లేపుతున్నావు. మైను మిల్లులో బండను పొడి చేసిన చెయ్యి కదా, అలవాటు పోలేదు!

నీ కష్టం నాకు తెలియదని కాదు. మైను మూసేసి నిన్ను ఇంటికి పంపారు. వానలు లేవు. టమాటాకు ధర లేక కోలారు మార్కెట్ బయట పారబోసి ఉత్త చేతులతో వచ్చావు. నేనున్నా ఏం చేసేవాణ్ణో. కానీ ఒక్కటి చెప్పు. రాగికి లేని నీళ్లు మట్టి కడగడానికి ఎక్కడి నుంచి వచ్చాయి? దీనికి జవాబు లేకే కదా ఫోన్ పెట్టేశావు?

పై చేను పోయింది. దీపావళి అయ్యాక కింది చేనుకు లారీలు వస్తాయని అమ్మ చెప్పింది. అది మన ఇద్దరిదీ. నేను ఒప్పుకోను. సెలవు అడిగాను, ఇచ్చారు. పండగకు ముందే వస్తున్నాను. లారీ దిగితే నా మీద దిగాలి.

ఇంకొకటి. "నాయన సమాధిని ముట్టలేదు కదా" అన్నావు, పెద్ద ధర్మం చేసినట్టు. ముట్టలేదు, నిజమే. పై చేనులో దాని చుట్టూ మనిషెత్తు తవ్వేసి, నడుమ దాన్ని దిబ్బగా వదిలేశావు. మహాలయ అమావాస్య రోజు ఏం జరిగిందో అమ్మ నీకు చెప్పి ఉండదు, నాకు చెప్పింది. ముద్ద, చారు చేసి తీసుకుపోయిందట. "ఎక్కలేకపోయినాను రా. నిచ్చెన తెచ్చేవాళ్లు ఎవురూ లేరు. గుంతలోనే ఆకు పరిచి, మీ నాయన్ను దిగి రమ్మని పిలిచి వచ్చేసినాను" అంది.

నేను వచ్చేలోపల నువ్వు ఒక్క పని చెయ్యి అన్నా. అమ్మ నడిచి నాయన దగ్గరికి పోయేటట్టు దారి పోసిపెట్టు. ఇసుకతో కాదు, కాలు పెడితే జారుతుంది. మట్టితోనే పోయాలి. కింది చేనులో ఒక్క తట్ట కూడా తీయవద్దు. ఆ మట్టి ఎక్కడ దొరుకుతుందో నువ్వే వెతుక్కో.

వదినకు నమస్కారం, పిల్లలకు ముద్దులు. అమ్మ కాళ్లకు మొక్కి దీవెన అడుగుతున్నాను. నీ దీవెన ఇప్పుడు అడగను. వచ్చి, ఆ దారి మీద నడిచి, అప్పుడు అడుగుతాను.

ఇట్లు,
నీ తమ్ముడు
చలపతి