ఎనిమిది నాలుగైన సంగతి

సూలూరు,
5 జనవరి 2026

సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరుగారికి,

సూలూరు నుంచి జానకమ్మాళ్ రాయడం. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం సంగతి మీ జవాబు చూశాక తేలుతుంది.

మీరు అమ్మిన బిల్లుల సాఫ్ట్‌వేర్‌ను మా తువ్వాళ్ల ఆఫీసులో నాలుగేళ్లుగా వాడుతున్నాం. బల్గేరియా దేశంలో వెలింగ్రాద్ అని ఒక ఊరుంది. అక్కడ వేడినీటి ఊటల దగ్గర హోటళ్లు. ఆ హోటళ్లకు తువ్వాళ్లు సరఫరా చేసే రద్కా అనే ఆవిడ పద్దెనిమిదేళ్లుగా మా దగ్గర సరుకు కొంటోంది. మా ముప్పై మగ్గాల్లో ఇరవై ఆమె కోసమే ఆడుతున్నాయి.

మొన్న కంప్యూటర్లో చూస్తే డిసెంబరు బిల్లులో తువ్వాలు ఒకటి ఎనిమిది యూరోలు అని ఉంది. జనవరి బిల్లులో అదే తువ్వాలు నాలుగు చిల్లర. నేను ధర తగ్గించలేదు. ఆమె తగ్గించమనలేదు. మా ఇద్దరి మధ్య ఉన్నది మీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. మిగతా సగం ఎక్కడికి పోతోందో వారం లోపల రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
జానకమ్మాళ్

తా.క. ఈమెయిల్ పంపకుండా ఉత్తరం ఎందుకు రాశానని ఆశ్చర్యపోకండి. కంప్యూటర్ మీద ఫిర్యాదు కంప్యూటర్‌కే ఇవ్వడం నాకు ఇష్టం లేదు. తెలుగులో ఎందుకంటే, ఈ తమిళనాడులో కూడా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు మా ఊరినిండా ఉన్నారు గాని చదవగలిగేవాళ్లు మా ఆఫీసులో నేను తప్ప లేరు. నా రహస్యం నా దగ్గరే ఉండాలి.

తా.క. రెండు. ధర రాసేటప్పుడు నాలుగు తర్వాత చుక్క పెట్టకుండా కామా పెట్టారు. కామా అంటే మాట ఇంకా మిగిలి ఉందని అర్థం. మిగిలింది ఎక్కడ?

* * *

కోయంబత్తూరు,
9 జనవరి 2026

జానకమ్మాళ్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఆఫీసులో రెండు రోజులు తిరిగింది. ఒకరు కన్నడం అన్నారు. మా మేనేజరుగారు తలకిందులుగా పట్టుకుని చదివి, ‘ఏదో పెండ్లిపత్రిక మాదిరి ఉండాది’ అన్నారట. చివరికి నా దగ్గరికి వచ్చింది. మాది తేని ఊరి పక్కన. మా అవ్వ తిరుమలమ్మాళ్ చిన్నప్పుడు నాకు పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్పింది. తప్పులుంటే మన్నించండి.

కంగారు పడాల్సింది ఏమీ లేదమ్మా. జనవరి ఒకటో తేదీ నుంచి బల్గేరియా దేశం తన డబ్బు మార్చుకుంది. ఇదివరకు వాళ్ల డబ్బు పేరు లెవ్. ఇప్పుడు యూరో. సుమారు రెండు లెవ్‌లు ఒక యూరో. అందువల్ల ఎనిమిది లెవ్‌ల తువ్వాలు నాలుగు యూరోల చిల్లర అవుతుంది. విలువ అంతే, అంకె మాత్రమే తగ్గింది. ఆ దేశానికి సంబంధించిన లొకేల్ సెట్టింగ్‌ను మేము కొత్త సంవత్సరం రోజున మార్చాము. అంతకు మించి ఏమీ జరగలేదు.

ఇట్లు,
మీ విధేయురాలు,
చారులత, కస్టమర్ సపోర్టు

తా.క. కామా గురించి: ఆ దేశంలో మనం చుక్క పెట్టేచోట కామా పెడతారు. అది కూడా లొకేల్ సెట్టింగే.

* * *

సూలూరు,
13 జనవరి 2026

చారులతకు,

నీ ఉత్తరం అందింది. చేతిరాత బాగుంది. అందువల్ల నమ్మేస్తానని అనుకోవద్దు.

ఒక దేశం డబ్బు మార్చుకుంటే అంత నిశ్శబ్దంగా మారుతుందా? మన దగ్గర నోట్లు రద్దయినప్పుడు నేను సూలూరు బ్యాంకు ముందు ఎండలో మూడు రోజులు నిలబడ్డాను. నా ముందున్నావిడ కళ్లు తిరిగి పడింది. మీ సాఫ్ట్‌వేర్ ఎక్కడ నిలబడిందో చెప్పు.

ఇంకొకటి. ‘లోకల్ సెట్టింగ్’ అని నువ్వే నీ చేత్తో రాశావు. దొంగ తనంతట తానే ఒప్పుకున్నట్టయింది. లోకల్‌గా ఇక్కడ ఎవరితో సెట్టింగ్ చేసుకున్నారు? మా ఆఫీసులో కణక్కు, అంటే జమాఖర్చులు, రాసే కరుప్పుసామిని పిలిచి అడిగాను.

“ఏమిరా, ఆ కంపెనీవాళ్లతో నీకు సెట్టింగ్ ఉండాదా?”

“అమ్మా, సత్తియమా నాన్ ఒణ్ణుమే పణ్ణలై,” అన్నాడు. ఒట్టు, నేనేమీ చేయలేదని. నేనింకా ఏం చేశావని అడగనే లేదు! పైగా పోయిన నెలలో కొత్త మోటారుసైకిలు కొన్నాడు.

అందుకని రోజూ సాయంత్రం కంప్యూటర్ ఎలుకను పీకి నా చేతిసంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోతున్నాను. ఇక రాత్రిపూట ఎవరు ఏ సెట్టింగ్ చేస్తారో చూస్తాను.

డబ్బే మారి ఉంటే డిసెంబరు బిల్లులో లెవ్ అని ఉండాలి గదా. అక్కడ కూడా యూరో గుర్తే ఎందుకుంది? దీనికి జవాబు రాయి. మిగతా విషయాలు తర్వాత.

ఇట్లు,
జానకమ్మాళ్

తా.క. ‘కంగారు పడాల్సింది ఏమీ లేదు’ అని ఇంతకుముందు నాతో ఇద్దరు అన్నారు. ఒకడు చీటీలు కట్టించుకుని పారిపోయాడు. ఇంకొకడు పళ్ల డాక్టరు.

* * *

కోయంబత్తూరు,
19 జనవరి 2026

పూజ్యులైన పెద్దమ్మకు,

అది ‘లోకల్’ కాదు పెద్దమ్మా, ‘లొకేల్’. ఏ దేశంలో ఏ డబ్బు గుర్తు వాడతారు, తేదీ ఎలా రాస్తారు, చుక్క ఎక్కడ, కామా ఎక్కడ అని చెప్పే చిన్న పట్టీ. అందులో ఏ మనిషీ లేడు. కరుప్పుసామి అన్నను నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన మోటారుసైకిలుతో మాకు ఏ సంబంధమూ లేదు.

డిసెంబరు బిల్లుల సంగతి మేనేజరుగారిని అడిగాను. ‘పాత బిల్లులు మారే ప్రసక్తే లేదు, ఆ అమ్మ కంటి కన్నాడి మార్చుకోవాల’ అన్నారు. క్షమించాలి, ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. మీరు బహుశా డిసెంబరు బిల్లులో అంకెను, జనవరి బిల్లులో గుర్తును చూసి కలిపేసుకుని ఉంటారు.

ఒక్క మనవి. ఈ విషయమై రద్కాగారికి కోపంగా ఏమీ రాయకండి. పద్దెనిమిదేళ్ల వ్యాపారం. ఆమె తప్పు ఏమీ లేదు.

ఇట్లు,
చారులత

తా.క. దయచేసి ఎలుకను ఆఫీసులో వదిలేయండి. అది లేకపోయినా కీబోర్డుతో పని చేయవచ్చు. (ఈ వాక్యం రాసి ఉండకూడదని ఉత్తరం అంటించాక తోచింది. విప్పి కొట్టేద్దామంటే చిరిగిపోతుంది. అందుకే ఇది కవరు వెనక రాస్తున్నాను.)

* * *

సూలూరు,
22 జనవరి 2026

చారులతకు,

కీబోర్డు కూడా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది.

మొదటి ఉత్తరంలో ‘గారు’, రెండో ఉత్తరానికే ‘పెద్దమ్మ’. ఇంత తొందరగా చుట్టరికం కలిపేవాళ్లు ఏదో దాస్తున్నారని మా అత్తగారు చెప్పేది.

నీ మనవి ఆలస్యంగా వచ్చింది. రద్కాకు పదిహేనో తేదీనే రాసేశాను. సూలూరు టైపింగు ఇన్‌స్టిట్యూటులో ఇంగ్లీషులో కొట్టించి కొరియర్లో పంపాను. ‘పద్దెనిమిదేళ్లు నిన్ను మనిషనుకున్నాను, డబ్బు మారిందని సాకు చెప్పి నా తువ్వాలుకు సగం ధర కడతావా’ అని. టైపు చేసే అమ్మాయి కొంచెం మెత్తగా రాద్దామంది. ‘నీకు పేజీకి డబ్బులిస్తాను, మెత్తదనానికి కాదు’ అన్నాను.

తూత్తుకుడి ఓడరేవుకు బయలుదేరిన లారీని పల్లడం దగ్గర ఆపించి వెనక్కి రప్పించాను. ఇరవై మగ్గాలు నిలిచిపోయాయి. షెడ్డులో శబ్దం లేకపోతే నాకు చెవుల్లో ఏదో నీళ్లు పోసినట్టుంది. పొద్దున అంజలమ్మ వచ్చింది. పదకొండేళ్లుగా మా దగ్గర అంచులు కుట్టే మనిషి.

“అమ్మా, మేము ఏమన్నా తప్పు సేసినామా? వేరే సోట పని సూసుకోవాలనా?” అంది.

కరుప్పుసామి నాలుగు రోజులుగా పనికి రావడం లేదు. వాడి పెళ్లాం వచ్చి మోటారుసైకిలు వాయిదాల పుస్తకం నా బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. ఇంకా ముప్పై వాయిదాలున్నాయి. దొంగసొమ్ముతో కొన్నవాడికి వాయిదాలెందుకు?

నా కళ్లద్దాల గురించి మీ మేనేజరు అన్నదానికి జవాబు ఈ కవరులోనే ఉంది. నేను కంప్యూటర్‌ను నమ్మను గనక ప్రతి బిల్లునూ పుట్టిన రోజే కాగితం మీద అచ్చు తీయించి బీరువాలో పెడతాను. డిసెంబరు పన్నెండో తేదీ బిల్లు జిరాక్సు పంపుతున్నాను. ఎనిమిది పక్కన ఉన్న గుర్తు చూడు. రెండు అక్షరాలు, ఒకటి చిన్న ముక్కాలిపీట మాదిరి, దాని పక్కది తలుపు గొళ్లెం మాదిరి. ఇప్పుడు అదే బిల్లును మీ కంప్యూటర్లో తెరిచి చూడు. అక్కడ పీటా లేదు, గొళ్లెమూ లేదు. యూరో ఉంది. నా కళ్లకు ఏ అద్దం పెడితే పీట యూరో అవుతుందో మీ మేనేజరును అడుగు.

ఇట్లు,
జానకమ్మాళ్

తా.క. అసలు బిల్లు నా దగ్గరే ఉంది. బీరువా తాళంచెవి ఎక్కడుందో చెప్పను. చెప్పాలన్నా ప్రస్తుతం గుర్తు లేదు.

* * *

కోయంబత్తూరు,
27 జనవరి 2026

జానకమ్మాళ్ గారికి,

మీ కళ్లు సరిగ్గానే ఉన్నాయి.

మీరు పంపిన కాగితాన్ని, కంప్యూటర్‌నూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ పీటా గొళ్లెమూ లెవ్ అనే మాటకు వాళ్ల లిపిలో వాడే అక్షరాలు. ‘ఫలానా తేదీ వరకు లెవ్, ఆ తర్వాత యూరో’ అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పి ఉండాల్సింది. అలా కాకుండా ‘బల్గేరియా అంటే యూరో’ అని ఒక్క వరుసలో చెప్పేశారు. దాంతో పాత బిల్లులన్నిటికీ అంకె అలాగే ఉండి గుర్తు మాత్రం మారిపోయింది. ఎనిమిది లెవ్‌లు ఎనిమిది యూరోలుగా కనబడ్డాయి. అంటే దాదాపు రెట్టింపు. జనవరి ధర సరైనదే, కొత్త బిల్లుల ధరలను విడిగా యూరోల్లోకి లెక్కగట్టాము. తప్పు డిసెంబరుది.

ఇంకా ఘోరం ఏమంటే, ‘డిసెంబరు బాకీ’ అని రద్కాగారికి జనవరి రెండున మా సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఒక జాబు పంపింది. అందులో కూడా యూరో గుర్తే ఉంది.

‘చారులతా, సద్దు లేకుండా సరిచేసేద్దాము, ఆ అమ్మకు తెలియాల్సిన పనిలేదు’ అన్నారు మేనేజరుగారు. నేను సరేనని ఇంటికి వెళ్లాను. తర్వాత అంజలమ్మగారు మిమ్మల్ని అడిగిన మాట గుర్తొచ్చింది. అందుకే రాస్తున్నాను.

ఆ ఒక్క వరుస మార్చింది నేనే. సపోర్టు పనితో పాటు ఇలాంటి చిన్న మార్పులు కూడా నాకే ఇస్తారు. ఒకటో తేదీన అందరూ సెలవులో ఉంటే నేనొక్కదాన్నే ఆఫీసుకు వచ్చి పది నిమిషాల్లో ముగించాను. తొందరగా చేశానని మరుసటి రోజు నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు తేదీతో సహా సరిచేశాను. మీలాగే బల్గేరియాకు సరుకు పంపేవాళ్లు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. వాళ్లకూ ఈ రోజే రాశాను, కంపెనీ అనుమతి లేకుండా. సోమవారం నన్ను మేనేజరుగారి గదిలోకి రమ్మన్నారు.

కరుప్పుసామి అన్నను దయచేసి వెనక్కి పిలిపించండి.

ఇట్లు,
చారులత

తా.క. నన్ను తిట్టే ఉత్తరం ఇంటి అడ్రసుకు పంపండి. ఆఫీసులో నేను ఎన్నాళ్లుంటానో తెలియదు.

* * *

సూలూరు,
16 ఫిబ్రవరి 2026

చిరంజీవి చారులతకు,

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం కోపం కాదు. రద్కా జవాబు కోసం కాచుకున్నాను. వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది గనక ముగ్గురితో విడివిడిగా చదివించాను. విమానదళంలో పనిచేసి రిటైరైన ఒకాయన, స్కూలు టీచరు, మందులషాపు అబ్బాయి. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. అప్పుడు నమ్మాను.

మీ సాఫ్ట్‌వేర్ పంపిన ఆ డిసెంబరు జాబు చూసి ఆమె ఏమనుకుందో తెలుసా? డబ్బు మారే సందడిలో ఇండియాలో కూర్చున్న ముసలమ్మ ధర రెట్టింపు చేసిందని! అంతే, డిసెంబరు డబ్బు కట్టడం ఆపేసింది. ఇంకో దేశం వాళ్లను నమూనా తువ్వాళ్లు అడిగింది. నాకొక్క మాట కూడా రాయలేదు. దొంగతో మాటలెందుకని.

సరిగ్గా అప్పుడు నా ఉత్తరం చేరింది. నువ్వు రాయవద్దని బతిమాలిన ఉత్తరం. అది రెండుసార్లు చదివిందట. ‘ధర రెట్టింపు చేసిన మనిషి సగమైందని ఇంత ఏడవదు. అంటే ఈమెకు కూడా ఏమీ తెలియదు’ అని తేల్చుకుందట. వెంటనే నమూనాలు తిప్పి పంపి, మా డబ్బు కట్టేసి, అప్పుడు నాకు రాసింది. నేను మర్యాదగా రాసి ఉంటే నమ్మేది కాదట. మర్యాదగా రాసేవాళ్ల మీద ఆమెకు అనుమానమట.

లారీ తూత్తుకుడి చేరింది. ఇరవై మగ్గాలూ ఆడుతున్నాయి. అంజలమ్మ ఏమీ అడగకుండా వచ్చి తన మిషను దగ్గర కూర్చుంది. కరుప్పుసామి ఇంటికి నేనే వెళ్లాను. ఎలుక, కీబోర్డు రెండూ వాడి చేతికిచ్చి, “తప్పు నాదిరా, పనికి రా,” అన్నాను. వాడి కంటే వాడి పెళ్లాం ముందు ఏడ్చింది. తర్వాత వాడి మోటారుసైకిలు మీదే ఆఫీసుకు వచ్చాము. దారి పొడుగునా వాడి చొక్కా వదల్లేదు. బండి బాగానే ఉంది, నడిపేవాడిని నమ్మలేక.

ఇక మీ మేనేజరు. నిన్న పళ్లబుట్టతో మా ఇంటికి వచ్చాడు. “అమ్మా, ఆ పిల్ల చేసిన తప్పు. తీసేస్తామమ్మా,” అన్నాడు.

“పాత బిల్లులు మారవని సెప్పింది ఎవరు? నా కన్నాడి మార్చుకోమన్నది ఎవరు?” అని అడిగాను.

పళ్లబుట్ట వైపు చూశాడు.

“తప్పు సేసి ఒప్పుకున్నది మీ కంపెనీలో ఒక్కతే. దాన్ని తీసేస్తే మిగిలేది ఒప్పుకోనోళ్లే గదా. ఒప్పుకోనోళ్ల దగ్గర నేను బిల్లులు ఎట్లా రాయించేది?” అన్నాను. నువ్వు ఉత్తరాలు రాసిన ఆ తొమ్మిదిమందిలో ఏడుగురు మన చుట్టుపక్కల మగ్గాలవాళ్లే. వాళ్ల చేత కూడా ఈ మాటే ఫోనులో చెప్పించాను. నీ ఉద్యోగం ఉంది. జీతం పెంచమని నేను అడగలేదు. అది నువ్వే అడుక్కో. నోరుంది గదా.

పెద్దమ్మ అని పిలవాలనుకుంటే పిలువు. విచారించాను, మీ అవ్వది మంచి కుటుంబమే.

ఆశీస్సులతో,
జానకమ్మాళ్

తా.క. రద్కా మార్చిలో సూలూరు వస్తుందట. ఎందుకని అడుగుతూ రాశాను. మాకు నిజంగా ముప్పై మగ్గాలు ఉన్నాయో లేవో తన కళ్లతో లెక్కపెట్టుకోవడానికట. ఇలాంటి మనిషితో పద్దెనిమిదేళ్లుగా సగం స్నేహమే చేశానే అని బాధపడ్డాను. నాకు కూడా పాస్‌పోర్టుకు ఏమేం కాగితాలు కావాలో కనుక్కొని రాయి. వెలింగ్రాద్‌లో ఆ నీళ్లు నిజంగా వేడిగా ఉన్నాయో లేదో చూసి రావాలి.