రాజలింగు బయటికి వచ్చిన మూడు రోజులు

1871 ఏప్రిల్ 9
నా కొడుకు రాజలింగుకు పదకొండేళ్లు. ఇవాళ కోర్టులో మూడు నెలల జైలు వేశారు. నా బావమరిది మంగయ్య కొడుకు సమ్మయ్యకూ, గోండు రైతు భీము కొడుకు జంగుకూ అంతే. తేనెపట్టుకు పొగ పెట్టబోయి సర్కారు టేకు దుంగలు తగలబెట్టారు. ఎవరు ముట్టించారని కోర్టులో ఇంగ్లీషు దొర అడిగితే ముగ్గురూ నోరు విప్పలేదు.

ఏప్రిల్ 11
పిల్లల్ని హంతకులతో ఒకే గదిలో పెట్టారు. రాజలింగు చెంప వాచింది. ఎవరు కొట్టారో చెప్పడు.

ఏప్రిల్ 14
భీము భామ్రాగడ్ వైపు నుంచి నడిచి వచ్చాడు. మంగయ్య, మా ఊరి ఎల్లక్క కూడా మా ఇంటికి వచ్చారు. ఎల్లక్క కొడుకు నిరుడు అదే జైలు నుంచి వచ్చాడు. అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడడు.

భీము అన్నాడు: "మా పోరలు తప్పు జేసిన్రు. శిక్ష పడనియ్యి పంతులూ. గాని గా పెద్ద ఖైదీల నడుమ ఎందుకు?"

పిటిషన్ పెడదామనుకున్నాం. పిల్లలకు వేరే గది కావాలి. ఎవరూ తన కొడుకు ఒక్కడి కోసమే అడగకూడదు. ఆ మాట ముందుగా అన్నది మంగయ్యే.

ఏప్రిల్ 22
బడికి సెలవిచ్చి ఊళ్లు తిరిగాను. అరవై ఇద్దరు తల్లిదండ్రులు పిటిషన్ కింద తమ గుర్తుగా నిశానీలు పెట్టారు. కొందరి పిల్లలు ఎన్నడూ జైలు మొహం చూడలేదు. అయినా పెట్టారు.

ఏప్రిల్ 23
పెద్ద దొర క్యాంపు చామోర్షిలో ఉంది. పిటిషన్ తీసుకుని మంగయ్య బయలుదేరాడు. అక్కడి రాతగాడు, మున్షీ, దాన్ని ఇంగ్లీషులో రాయాలి కాబట్టి ఒక ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇచ్చాను. నా భార్య దుర్గమ్మకు సొంత అన్న కదా, నమ్మాను.

మే 6
రాజలింగునూ సమ్మయ్యనూ వదిలేశారు! దుర్గమ్మ రాజలింగుకు తన చేత్తో అన్నం తినిపించింది. జంగును వదల్లేదు. ఎందుకో తెలియదు.

మే 7
తెలిసింది. కోర్టు మున్షీ నేను సంతకం చేసిచ్చిన కాగితం చూపించి, తెలుగు నకలు రాసిచ్చాడు. నిప్పు పెట్టింది జంగు ఒక్కడే, మా పిల్లలు ఊరికే చూశారు అని ఉంది. కింద నా సంతకం. జంగు శిక్ష ఏడాదికి పెంచారు. అరవై రెండు నిశానీలు మంగయ్య ఎవరికీ చూపనేలేదు.

అడిగితే మంగయ్య తల కూడా దించుకోలేదు. "నీ కొడుకు ఇంట్ల ఉన్నడా లేడా బావా? ఇగ నీకేంది పరేషాన్? జంగు అడివిల పెరిగినోడు, ఓర్సుకుంటడు."

ఇంటికొచ్చి రాజలింగును అడిగాను. "ముట్టిచ్చింది నేనే నాయినా."

మే 8
భీము వచ్చి కాగితంలో ఏముందో చదవమన్నాడు. చదివాను. దుర్గమ్మ ఇచ్చిన నీళ్లు ముట్టకుండా లేచి పోయాడు.

మే 9
రాజలింగును తీసుకుని బయలుదేరితే దుర్గమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "మా అన్న ఇడిపిచ్చిండు. నువ్వు మల్ల పట్టిస్తవా?" నన్ను రెండు చేతులా కొట్టింది. కొట్టనిచ్చాను.

దారిలో రాజలింగు అడిగాడు, ఎక్కడికని. బడికి అన్నాను. నా చెయ్యి పట్టుకుని నడిచాడు. కోర్టు మెట్ల దగ్గర చెయ్యి లాక్కోబోయాడు. నేను వదల్లేదు.

మే 27
పిటిషన్ మళ్లీ రాశాం. పెద్ద దొర చదివాడు. పిల్లలకు వేరే గది ఇచ్చారు. జంగు శిక్ష మళ్లీ మూడు నెలలే, రాజలింగుదీ అంతే.

పిల్లల్ని చూడటానికి భీమూ నేనూ జైలు గేటు దగ్గర నిలబడ్డాం. జంగు లోపలి నుంచి కమ్మీల దాకా వచ్చాడు.

రాజలింగు నన్ను చూడటానికి రానన్నాడట.