కడ్డీ తీసిన చెయ్యి

పద్మనగర్,
భివండి.

తమ్ముడు డేనియల్‌కు,

ప్రభువు కృప నీకు తోడై ఉందని నమ్ముతూ రాస్తున్నాను. మన ఇంట్లో అందరం క్షేమం. క్షేమంగా లేనివాళ్ళ గురించే ఈ ఉత్తరం.

ఆ రోజు ఉదయం మామూలుగానే తెల్లవారింది. నేను కీర్తన చదువుకొని పొయ్యి వెలిగించాను. మీ వదిన లిడియా తన కూతురికి జడ వేస్తూ మరాఠీ పద్యం అప్పజెప్పించుకుంటోంది. కింద మన నాలుగు సాంచాలు, ఆ మరమగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడులో పుట్టినవాళ్ళం కనుక మనకు అది వినబడదు. చంద్రవ్వ నూలు కండెల బుట్ట చంకన పెట్టుకొని మెట్ల దగ్గర నిలబడింది. "ప్రేమక్కా, నీ దేవుడు లేసిండా? లేస్తే జర చాయ్ పొయ్యమను" అని అరిచింది. నువ్వు ఉప్మా తినకుండానే పానా పట్టుకొని దిగావు. తెగిన పోగులు అతకడానికి అడ్డమొస్తోందని మూడో సాంచా ముందున్న ఇనుప కడ్డీ విప్పి పక్కన పెట్టావు. పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరి మనిషి మీద పడకుండా ఆపేది ఆ కడ్డీ ఒక్కటే. చాయ్ పొంగేలోపే నాడె ఎగిరింది. చంద్రవ్వ కుడికన్ను పోయింది.

అందరూ చుట్టూ మూగినప్పుడు నువ్వన్న మాట నాకు గుర్తుంది. "నిన్న నాగయ్య మామ రిపేరు చేసి కడ్డీ బిగించలేదు." సాంచాలు బాగుచేసే మన జాబర్ నాగయ్య, చంద్రవ్వ భర్త. మీ అన్న జోసెఫ్ ఆయనను అప్పుడే పనిలోంచి తీసేశాడు.

ధ్యానకేంద్రానికి బయలుదేరిన రోజు కల్యాణ్ స్టేషన్‌లో నిజం నా ఒక్కదానికే చెప్పావు. "కోర్సు అయినంక వచ్చి నేనే ఒప్పుకుంట. అప్పటిదాంక నీ నోట రానియ్యకు" అని మాట తీసుకున్నావు. కోర్సు అయింది. నువ్వు రాలేదు. ఇంకా పై కోర్సు చేస్తానని, అక్కడ ఫోన్లు తీసేసుకుంటారని ఉత్తరం వచ్చింది. అందులో చైనా జ్ఞానుల తావో ఉంది, బుద్ధుడు ఉన్నాడు. చంద్రవ్వ లేదు.

అడిగావు కనుక జవాబు రాస్తున్నాను.

నీరు రాయితో పోట్లాడదు, పక్కనుంచి జారిపోతుంది, అలా ఉండడమే గొప్ప మార్గం అన్నావు. బాగుంది. అయితే నీరు పల్లానికి పోతుంది. నువ్వు కొండెక్కి కూర్చున్నావు.

ఒక సంగతి తెలుసు అనాలంటే అది నిజమై ఉండాలి, మనం నమ్మాలి, నమ్మడానికి కారణం ఉండాలి అని మీ గురువు చెప్పాడట. నాగయ్య కడ్డీ మరిచింది తానే అని నమ్ముతున్నాడు. అంతకు ముందు సాయంత్రం ఆ కడ్డీ మీద చెయ్యి పెట్టాడు కనుక కారణమూ ఉంది. నిజం ఒక్కటే లేదు. నీ దగ్గర మూడూ ఉన్నాయి. అంత ఎరుక మూట కట్టుకొని కళ్ళు మూసుకున్నావు.

'నేను' అనేదే లేదని, కడ్డీ తీసిన డేనియల్ గడిచిన క్షణంతోనే పోయాడని రాశావు. కింద, ఉసిరికాయ పచ్చడి పంపమని కూడా ఉంది. పోయినవాడికి పచ్చడి ఎందుకు? ఈ ముక్క మాత్రం ఈ రాత్రే పక్కింటి మాలతి టీచర్‌కు చదివి వినిపించాను. ఆమె రోజూ బౌద్ధ విహారానికి పోయే మనిషి. ముఖం చిట్లించింది. "ప్రేమాతాయి, మా విహారంల చిన్న పిల్లలు గూడ చెప్తరు, అబద్ధం ఆడనని. ఆ పాఠం నాడు నీ తమ్ముడు సుట్టీ మీద ఉండెనా ఏంది?"

బుద్ధుణ్ని నేను తక్కువ చేయను. ఆయన వెనక దాక్కున్నవాణ్ని చేస్తాను. మన సంఘంలోనూ ఉన్నారు, దేవుడు క్షమించాడని చెప్పుకుంటూ దెబ్బ తిన్నవాడి గుమ్మం దాటిపోయేవాళ్ళు. నీది కొత్త జ్ఞానం కాదు తమ్ముడూ. పాత పిరికితనం.

చివర ధర్మం గురించి అడిగావు. ఇచ్చిన మాట ఏ పరిస్థితిలోనైనా నిలబెట్టుకోవాలా అని. ఎందుకు అడిగావో తెలుసు. నా నోటికి తాళం వేసి, తాళంచెవి నీ కొండ మీద పెట్టుకుందామని.

ఈ ఉదయం నేను మాట తప్పాను.

వరాలా తలావ్ గట్టు దగ్గర నాగయ్య, చంద్రవ్వల గదికి వెళ్ళాను. జాబర్‌గా ఎవరూ పెట్టుకోవడం లేదని నాగయ్య ఇప్పుడు గోదాములో మూటలు మోసి బతుకుతున్నాడు. పెండ్లాం కన్ను తీసినోడని తోటివాళ్ళు పిలుస్తున్నారట. నన్ను చూడగానే పాత పాటే ఎత్తుకున్నాడు.

"నేనే మరిచిన కావొచ్చమ్మా. ముసలితనం గద."

"నువ్వు మరువలేదు నాగయ్యా. బిగించినవు. తెల్లారి విప్పింది మా డేనియల్."

"పక్కానా?"

"వాని నోటితోనే చెప్పిండు."

ఆయన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. చంద్రవ్వే లేచి ఆయన గడ్డం పట్టుకుంది. "ఇన్ని దినాలు నా మొఖం దిక్కు చూడకుంట అన్నం తింటివి. ఇగనన్న ఇటు తిరుగు."

నేను బయటికి వచ్చి మెట్టు మీద కూర్చొని ప్రార్థన చేసుకున్నాను. నీ కోసం కాదు.

సాయంత్రం వాళ్ళిద్దరినీ ఇంటికి పిలిచి అందరి ముందు చెప్పాను. జోసెఫ్ తల పట్టుకున్నాడు. "చిన్నోడు గట్ల చేస్తడనుకోలే" అన్నాడు. లిడియా ఊరుకోలేదు. "చిన్నోడు అబద్ధం చెప్పిండు సరే. అడగకుంట వెళ్ళగొట్టింది ఎవరు? మీరు గాదా? మామ కాళ్ళకాడ కూసొని మాఫ్ చెయ్యమని అడుగుండ్రి." జోసెఫ్ కూర్చొని అడిగాడు. నాగయ్య వద్దు వద్దంటూ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. చంద్రవ్వ మాత్రం, "అడగనియ్యి" అంది.

అక్కడే నిర్ణయమైంది. రేపు పొద్దున షిఫ్టు మారే వేళ, గల్లీలోని పనివాళ్ళందరూ ఉండగా, కడ్డీ తీసింది ఎవరో జోసెఫ్ నీ పేరు పెట్టి చెబుతాడు. నాగయ్య మళ్ళీ మన జాబర్. ఆయన సరే అనకుండా ఏ సాంచా నడవదు. నీకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రా. కానీ ముందు వాళ్ళ గడప ముందు నిలబడాలి. చంద్రవ్వ లోపలికి రమ్మన్నాకే మన ఇంటికి రావాలి. రమ్మనకపోతే మేమూ రమ్మనం.

ఇట్లు,
నీ పెద్దక్క
ప్రేమమ్మ