క్యారియర్ లేని సైకిలు

అన్నం కుక్కర్ల ఉంది. పప్పుకు తాలింపు నువ్వే పెట్టుకో. నేను దవాఖానకు పోతున్న, రాత్రి డ్యూటీ. గుట్ట మీదికెల్లి వచ్చినంక నీ సైకిలును కొత్తగ సున్నమేసిన గోడకు ఆనియ్యకు. స్టాండ్ పీకేసిన కాన్నుంచి అది గోడనే నమ్ముకున్నది.

ఏమయ్యా, గుట్ట ఎక్కనీకి తేలిక ఉండాలని, గేర్లు గూడ బరువేనని తీసేసి, పల్సటి ఫ్రేము ఎక్కించినవ్. బెల్లు బరువన్నవ్, మడ్గార్డు బరువన్నవ్. వచ్చేటప్పుడు మల్దకల్‌ల తినే మిర్చి బజ్జీలు మాత్రం బరువు గావు. క్యారియర్ గూడ బరువే అన్నవ్. అంటే నన్నే తీసేసినవన్నట్టు.

పెండ్లైన కొత్తల ఆ క్యారియర్ మీద కూసోనే గుట్ట దాంక వస్తుంటి. ఎక్కుడు కాడ దిగమంటే నేను దిగకపోతుంటి, నువ్వే దిగి నూకుతుంటివి. ఇప్పుడు ఒక్కనివే జల్ది ఎక్కుతున్నవంట. మంచిదే.

నీది పగటి డ్యూటీ, నాది రాత్రి డ్యూటీ. మనకు మిగిలింది ఆదివారం పగలొక్కటే, అది గూడ గుట్టకిచ్చినవ్.

హెప్సిబా

ఇంకోటి. పాత ఫ్రేము కోసం పాత సామాన్లాయన వచ్చిండు. అమ్మేది లేదని తిప్పి పంపిచ్చిన. వచ్చే ఆదివారం చక్రాలు దానికే మార్చి, క్యారియర్ బిగియ్యి. ఎక్కుడు కాడ ఈసారి నువ్వు చెప్పకముందే దిగుత.