ప్రిన్సిపాల్ గారికి చెప్పని పాట

జూన్ 1946, శనివారం
మదనపల్లె, చిన్నమ్మ ఇల్లు

పొద్దున సీటు కోసం కాలేజీ ప్రిన్సిపాల్ గారి ముందు నిలబడ్డాను. ఆయన నా దరఖాస్తు చూసి, "మార్కులు అంతంత మాత్రమే. ఉండే సీట్లు తక్కువప్పా. చదువు కాక ఇంకేం వచ్చు నీకు? బంతాటా? నాటకాలా?" అని అడిగారు.

తల వంచుకుని, "ఏమీ రాదు సార్" అన్నాను. సోమవారం జాబితా అతికిస్తామని చెప్పి పంపేశారు.

వరండాలో ఈ మాట విని నాయన నెత్తి కొట్టుకున్నాడు.

"ఏమీ రాదా? మన పుంగనూరు చర్చిలో ఆదివారం కీర్తన ఎత్తేది ఎవురప్పా, నేనా? నేనెత్తితే జనం లేచి పోతారు!"

"అది దేవుని పని కదా నాయనా. బంతాటతో పాటు యాల చెప్పాల?"

నాయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరే. ఆ ప్రిన్సిపాలయ్య రేపు ఈడ చర్చికి వస్తాడంట. ముందు వరసలోనే కూసుంటాడంట. పాస్టరయ్యను అడిగొస్తా. కీర్తన నువ్వే ఎత్తు."

పాస్టరయ్య ఒప్పుకున్నారు.

మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. కళ్ళు మూసుకుంటే మాత్రం ఎంతమందిలోనైనా పాట వస్తుంది. ఎవరు వింటున్నారో ఎన్నడూ చూడలేదు.

సీటు కావాలి. రాకపోతే నాయనతో సదుం ఊరి రోడ్డు కూలి పనికి పోవాల్సిందే. రేపు ఏ కీర్తన ఎత్తాలో నిర్ణయించుకున్నాను. మధ్యలో ఒక్కసారి కళ్ళు తెరిచి, ముందు వరుస వైపు చూస్తానేమోనని భయం. చూస్తే ఆ పాట దేవునికి కాక సీటు కోసమే అయిపోతుంది...